మన గుమ్మానికి వచ్చిన మాత్ర: డాక్టర్ యెల్లాప్రగడ సుబ్బారావుగారి జీవితం

ఉగాదినాడు సిరొంచలో రెండు పండుగలు ఒకే సూర్యోదయంతో తెల్లవారుతాయి. ప్రక్కింటి మరాఠీ సోదరులు వెదురుకర్రకు పట్టుగుడ్డ కట్టి, పైన చెంబు బోర్లించి, గుమ్మం దగ్గర గుడిని నిలుపుతారు. మన ఇళ్ళలో పిల్లలు కోసుకువచ్చిన వేపపువ్వును చేటలో నలిపి, కొత్త చింతపండు పిసికి, బెల్లం తురిమి పచ్చడి కలుపుతాము. వారికీ వేప చేదే, మనకూ వేప చేదే. సంవత్సరాదినాడు ముందుగా చేదును నోట పెట్టుకోవాలని రెండు భాషల పెద్దలూ ఒక్కమాటే చెప్పిపోయారు. చేదునూ తీపినీ కలిపి జీవితమంతా మ్రింగిన ఒక తెలుగు మహనీయుని కథను ఈ ఉగాది సంచికలో మన కుటుంబాల ముందుంచడం మాకెంతో సంతోషంగా ఉన్నది.

ఆయన డాక్టర్ యెల్లాప్రగడ సుబ్బారావుగారు. ఆయనకు సిరొంచతో చుట్టరికమేమీ లేదు. కాని నీటికి చుట్టరికాలు తెలుసు. మన ఊరి ప్రక్కగా పారే ప్రాణహిత కాళేశ్వరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. ఆ గోదావరి భద్రాచలం దాటి, పాపికొండల నడుమ ఒదిగి, రాజమహేంద్రవరం చేరి, ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర కాలువలుగా చీలి భీమవరం పొలాలకు పోతుంది. మనం స్నానం చేసిన నీరే ఆయన పుట్టిన ఊరికి పోతున్నదన్నమాట. 1860లో నిజాము ప్రభువు ఈ ఎడమగట్టు తాలూకాలను ఆంగ్లేయులకు వదలినప్పటి నుండి 1874 దాకా సిరొంచా భద్రాచలమూ ఒకే జిల్లాలో ఉండేవి. తరువాత సరిహద్దులు మారాయి. మధ్యపరగణాలు పోయి మహారాష్ట్రం వచ్చింది. చాందా జిల్లా చంద్రపూరు అయింది. 1982లో అందులోనుండి గడ్చిరోలి జిల్లా విడివడింది. నది మాత్రం అటే పారుతున్నది.

నీరు అటు పోతుంటే, ఆ దిక్కునుండి మన గుమ్మానికి ఒక చిన్న మాత్ర వచ్చింది. ఏటా ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి, వయస్సు అడిగి, ఎదుటనే మ్రింగమని ఇచ్చే డి.ఇ.సి. మాత్ర అది. మనం బోదకాలు అనీ, మరాఠీవారు హత్తీరోగమనీ పిలిచే ఫైలేరియా జబ్బుకు విరుగుడు. ఈ జబ్బు పాతుకొన్న జిల్లాలలో మన గడ్చిరోలి ఒకటి. ఆ మందు పుట్టిన పరిశోధనాలయానికి నాయకత్వం వహించినవారు ఒక తెలుగువారన్న సంగతి మాత్రను పంచేవారిలోను, పుచ్చుకొనేవారిలోను ఎందరికి తెలుసు? మేము కొందరిని అడిగి చూశాము. పదిమందిలో ఒకరిద్దరు కూడ చెప్పలేకపోయారు. ఆ మాత్రను మ్రింగక గూటిలో పెట్టి మరచిపోయినవారు మాత్రం మనలో చాలామందే ఉన్నారు. ఈ వ్యాసం వ్రాయడానికి అదే కారణం.

బాల్యం, చదువు

సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీన భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథంగారు, తల్లి వెంకమ్మగారు. కుటుంబం పెద్దది, రాబడి చిన్నది. రాజమహేంద్రవరంలో చదివే రోజులలో ఈ బాలునికి చదువుమీద ధ్యాస అంతగా ఉండేది కాదు. పదమూడేళ్ళ వయస్సులో, కాశీకి పోయి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనవంతుడను కావచ్చునని తలచి ఇల్లు విడిచి బయలుదేరాడనీ, తల్లి వెంటబడి వెనక్కు తెచ్చి బడిలో కూర్చోబెట్టిందనీ చెబుతారు. పొట్ట చేతబట్టుకొని ఊరు విడిచిన మనవంటి కుటుంబాలకు ఆ బాలుని ఆలోచన వింతగా తోచదు. మెట్రిక్యులేషను పరీక్ష రెండుసార్లు తప్పి, మూడవమారు మద్రాసు హిందూ హైస్కూలు నుండి నెగ్గారు. తండ్రి గతించిన ఇంట ఆ చదువును తల్లి తన నగలమ్మి సాగించిందని కూడ చెబుతారు.

మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదివేనాడు ఆయన మనస్సు సన్యాసంవైపు తిరిగింది. రామకృష్ణ మఠంలో చేరుదామనుకొన్నారు. తల్లి అనుమతించలేదు. సేవయే చేయదలచుకొంటే వైద్యుడవై చేయమన్న సలహా ఆయనకు నచ్చి మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. స్నేహితుల సహాయంతోను, పిల్లనిచ్చిన మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తిగారి ధనసహాయంతోను ఆ చదువు నడిచింది. భార్య పేరు శేషగిరి.

అవి స్వాతంత్ర్యోద్యమపు రోజులు. గాంధీజీ పిలుపు విని సుబ్బారావుగారు శస్త్రచికిత్స గదిలో కూడ ఖద్దరు అంగీయే తొడిగారు. అది ఆంగ్ల ఆచార్యునికి గిట్టలేదు. వ్రాతపరీక్షలు బాగా వ్రాసినా ఆయనకు ఎం.బి.బి.ఎస్. పట్టం రాలేదు. అంతకు తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టంతో బయటికి రావలసివచ్చింది. ఒక ఖద్దరు అంగీకి ఇంత వెల ఇచ్చినవారు అరుదు. ఆ పట్టం చిన్నదైనందువలన తరువాత సముద్రం దాటిన పిమ్మట కూడ ఆయనకు చాలా తలుపులు మూసుకుపోయాయి.

ఇంతలో ఇంటిమీద పిడుగు పడింది. స్ప్రూ అనే గ్రహణి వ్యాధితో పురుషోత్తం, కృష్ణమూర్తి అనే ఇద్దరు సోదరులు కొద్దిరోజుల తేడాలో మరణించారు. ఈ జబ్బులో తిన్నది ఒంటబట్టదు, రక్తం పలుచనవుతుంది, మనిషి కరిగిపోతాడు. అప్పటికి దానికి మందు లేదు. కొంతకాలానికి సుబ్బారావుగారికే అది సోకింది. ఆయుర్వేద పండితులు డాక్టర్ ఆచంట లక్ష్మీపతిగారి చికిత్సతో బ్రతికి బయటపడ్డారు. ఆ లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలోనే శరీరశాస్త్రం బోధించే ఉపాధ్యాయులుగా చేరారు. సోదరులను తీసుకుపోయిన జబ్బు ఏమిటో, దాని మందు ఏమిటో తెలుసుకోవాలన్న పట్టుదల అక్కడే మొలకెత్తింది.

సముద్రం దాటిన తరువాత

మామగారి సాయానికి కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థవారి సాయం తోడయింది. 1922 అక్టోబరులో, ఇరవై ఏడేళ్ళ వయస్సులో, సుబ్బారావుగారు అమెరికాలోని బోస్టను నగరం చేరి హార్వర్డు విశ్వవిద్యాలయపు ఉష్ణమండల వైద్యశాఖలో ప్రవేశించారు. మూడేళ్ళలో తిరిగివద్దామన్నది ఉద్దేశం. ఆ మూడేళ్ళు ఇరవై ఆరేళ్ళయ్యాయి. ఆయన మరల స్వదేశం చూడలేదు. శేషగిరిగారు మరల భర్తను చూడలేదు. ఆ దంపతుల కుమారుడు ఎరిసిపెలస్ అనే అంటురోగంతో, తొమ్మిది నెలల పసివాడుగానే పోయాడు. ఆ వార్త తండ్రికి పరాయిదేశంలో అందింది.

చేతిలో చదువు ఉన్నది, కాని చెల్లే పట్టం లేదు. ఎల్.ఎం.ఎస్. పట్టంతో అక్కడి ఆస్పత్రులలో వైద్యునిగా పని దొరకలేదు. పగలు చదువుకొంటూ, రాత్రులు పీటర్ బెంట్ బ్రిగాం ఆస్పత్రిలో నౌకరుగా పనిచేశారు. రోగుల మలమూత్రాల పాత్రలు తీసి కడిగే పని అది. డిగ్రీ చేతబట్టుకొని వచ్చి, గోదాము కాపలాతోనో హోటలు పనితోనో బ్రతుకు ప్రారంభించినవారు మన సంఘంలోనూ ఉన్నారు. వారికి ఈ ఒక్క సంగతి చాలు, సుబ్బారావుగారు తమవాడని తెలుస్తుంది.

డిప్లొమా తరువాత ఆయన హార్వర్డులోనే జీవరసాయనశాఖలో సైరస్ ఫిస్కే అనే ఆచార్యునివద్ద చేరారు. రక్తంలోను, మూత్రంలోను ఉండే భాస్వరాన్ని రంగును బట్టి కొలిచే పద్ధతిని వారిద్దరూ కలిసి 1925లో ప్రకటించారు. నీలిరంగు ఎంత చిక్కనైతే భాస్వరం అంత ఎక్కువ. ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అనే పేరుతో అది ప్రపంచమంతటా ప్రయోగశాలలకు ప్రాకింది. ఈనాటికీ జీవరసాయన విద్యార్థులు ఆ పేరు ఎరుగుదురు.

ఆ కొలబద్దతో కండరాలలోనికి తొంగిచూచినప్పుడు రెండు మహత్తర విషయాలు బయటపడ్డాయి. 1927లో ఫాస్ఫోక్రియేటిన్‌ను, 1929లో ఎ.టి.పి. అనే పదార్థాన్ని వారు ప్రకటించారు. జర్మనీలో లోమన్ అనే శాస్త్రజ్ఞుడు కూడ ఆ 1929లోనే ఎ.టి.పి.ని కనుగొన్నాడు. మనం నాగలి పట్టినా, కుట్టుమిషను త్రొక్కినా, ఈ అక్షరాలను చదివినా, ఒంట్లోని ప్రతి కణం ఆ పనికి శక్తిని చెల్లించేది ఎ.టి.పి. రూపంలోనే. శరీరంలో చెలామణి అయ్యే నాణెం అదే అనవచ్చు. 1930లో హార్వర్డు ఆయనకు డాక్టరేటు ఇచ్చింది. కాని స్థిరమైన ఆచార్య పదవి మాత్రం ఇవ్వలేదు. చేసిన పనిలో తన వంతు ఎంతో ఎలుగెత్తి చెప్పుకొనే స్వభావం ఆయనకు లేదు. చెప్పేవారు ఎవరూ లేకపోయారు.

లెడర్లేలో ఎనిమిదేళ్ళు

1940లో సుబ్బారావుగారు హార్వర్డు విడిచి, న్యూయార్కు రాష్ట్రంలోని పెర్ల్ రివర్ అనే ఊరిలో ఉన్న లెడర్లే ఔషధ పరిశోధనాలయంలో చేరారు. రెండేళ్ళలో పరిశోధనశాఖ అంతటికీ డైరెక్టరయ్యారు. తన చేతితో గాజుగొట్టం పట్టుకోవడం తగ్గింది. ఎవరు దేనిని వెతకాలి, ఏ దారి మూసుకుపోయింది, ఏ దారి ఇంకా ఉన్నది అని నడిపించడం ఆయన పనయింది. లెడర్లేలోని ఆ ఎనిమిదేళ్ళలో ఆ ఒక్క చోటునుండి వెలువడిన మందులను లెక్కిస్తే ఆశ్చర్యం కలుగుతుంది.

మొదటిది ఫోలిక్ ఆమ్లం. దీని కథలో మన దేశానికి కూడ పాలు ఉన్నది. 1930 ప్రాంతంలో లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయి మిల్లు కార్మిక స్త్రీలలో గర్భిణులకు వచ్చే తీవ్రమైన రక్తహీనతను పరిశీలించి, ఈస్టు సారంలో దానిని కుదిర్చే పదార్థమేదో ఉన్నదని కనిపెట్టింది. 1941లో పాలకూర ఆకులనుండి వేరుచేసినవారు దానికి ఆకు అనే అర్థం వచ్చే లాటిను మాటతో పేరుపెట్టారు. 1945లో సుబ్బారావుగారి బృందం దానిని ప్రయోగశాలలో తయారుచేసింది. వెంటనే రోగులకు ఇచ్చి చూడగా గ్రహణి రోగుల రక్తం మరల ఎర్రబడింది. సోదరులిద్దరినీ కోల్పోయిన యువకుడు ఇరవై ఏళ్ళకు పైగా వెతికిన మందు చేతికి వచ్చింది. పోయినవారు రాలేదు. కాని ఈనాడు మన ఆడపడుచులకు ఆస్పత్రిలో ఇనుముతో కలిపి ఇచ్చే మాత్రలో ఉన్నది ఆ ఫోలిక్ ఆమ్లమే.

రెండవ మందు మరింత చిత్రమైనది. ఫోలిక్ ఆమ్లం లేనిదే కణం పెరగదు, చీలదు. రక్తపు కాన్సరులో తెల్లకణాలు అదుపు లేక పెరుగుతాయి. బోస్టనులో సిడ్నీ ఫార్బరు అనే వైద్యుడు ఆ జబ్బు వచ్చిన పిల్లలకు ఫోలిక్ ఆమ్లం జాతి పదార్థం ఇచ్చి చూస్తే జబ్బు తగ్గడానికి బదులు పెరిగినట్లు కనిపించింది. అలాగైతే దానికి అడ్డుపడే మందు కావాలి. సుబ్బారావుగారి రసాయనికులు ఫోలిక్ ఆమ్లాన్ని పోలి ఉండి, ఒకటి రెండు చోట్ల మాత్రం తేడా ఉన్న పదార్థాలు తయారుచేసి పంపారు. అందులో ఒకటి అమినాప్టెరిన్. 1948 జూన్‌లో ఫార్బరు ఫలితాలు ప్రకటించాడు. మందు పుచ్చుకొన్న పదహారుమంది పిల్లలలో పదిమందికి జబ్బు కొంతకాలం వెనుకకు తగ్గింది. అది శాశ్వతంగా నిలువలేదు. అయినా అంతవరకు మృత్యువు తప్ప వేరు మార్గం ఎరుగని జబ్బు మందుకు లొంగడం అదే మొదలు. దాని తమ్ముడైన మెథోట్రెక్సేటు ఈనాటికీ కాన్సరుకు, కీళ్ళవాతానికి, సోరియాసిస్ అనే చర్మవ్యాధికి వాడుతున్నారు.

చిన్న అణువు, పెద్ద మాంసకృత్తు

ఇక్కడ మన పిల్లలకోసం కొంచెం ఆగి ఒక విషయం చెప్పదలచుకొన్నాము. శరీరంలో పనులన్నీ చేసేవి మాంసకృత్తులు. అవి చాలా పెద్ద అణువులు. ప్రతిదానిలోను పని జరిగే గుంట ఒకటి ఉంటుంది. ఫోలిక్ ఆమ్లాన్ని వాడుకలోనికి తెచ్చే మాంసకృత్తు అణుభారం సుమారు 21,000. మెథోట్రెక్సేటు అణుభారం సుమారు 454. అనగా సుమారు నలభై ఆరవ వంతు. తిరగలిలో చిన్న గులకరాయి ఇరుక్కొంటే ఎంత బలంగా త్రిప్పినా రాయి కదలనట్లు, ఈ చిన్న అణువు ఆ గుంటలో పోయి కూర్చుంటుంది. దానిని చూచి మాంసకృత్తు అసలు ఫోలిక్ ఆమ్లమే వచ్చిందని మోసపోయి గట్టిగా పట్టుకొంటుంది. ఇక పని సాగదు. ఏ మాంసకృత్తును పట్టుకొన్నదీ శాస్త్రజ్ఞులు 1950 దశకం చివరలో గాని స్పష్టంగా తెలుసుకోలేదు. తాళం కనబడకముందే లెడర్లేవారు దానిలో ఇరికే పుల్లను తయారుచేశారన్నమాట.

ఈ ఉపాయమే తరువాత వైరసులమీద పనికివచ్చింది. ఆ దారిని తెరచినవారిలో జార్జి హిచింగ్స్ ఒకడు. ఆయన విద్యార్థిదశలో హార్వర్డులో అదే ఫిస్కే ప్రయోగశాలలో, ఎ.టి.పి. పనిలో భాగంగా, అతి స్వల్ప పరిమాణాలను కొలిచే పద్ధతులు నేర్చుకొన్నవాడు. తరువాత గెర్ట్రూడ్ ఎలియన్ అనే శాస్త్రజ్ఞురాలితో కలిసి, కణం తినే పదార్థాలను పోలిన నకిలీ పదార్థాలు చేసి, కాన్సరుకు, మలేరియాకు మందులు కనుగొన్నాడు. ఆమె బృందం నుండే అక్కి జాతి వైరసులను అణచే ఎసైక్లోవిర్ వచ్చింది. 1988లో వారిద్దరికీ నోబెల్ బహుమతిలో భాగం లభించింది. ఆ పంక్తిలో సుబ్బారావుగారి ఆకు వేయడానికి అప్పటికి ఆయన పోయి నలభై ఏళ్ళయింది.

వైరసు విషయం మరికొంత కష్టమైనది. దానికి సొంత వంట లేదు, సొంత ఇల్లు లేదు. తన మాంసకృత్తుతో మన కణపు మాంసకృత్తును పట్టుకొని లోపలికి పోతేనే దానికి బ్రతుకు. ఆ రెండూ కలిసేచోటు రెండు అరచేతులు ఆనించినట్లు వెడల్పుగా ఉంటుంది. అంత మైదానంలో చిన్న అణువుకు పట్టు దొరకదు. అందుచేత పరిశోధకులు ప్రక్కన ఉన్న గుంటలను వెతుకుతారు. ఎయిడ్స్ వైరసు మన తెల్లకణంలోనికి పోయేటప్పుడు ఒక గడియ తరువాత ఒక గడియ తీయాలి. రెండవ గడియ అయిన సి.సి.ఆర్.5 అనే మాంసకృత్తు లోపలి గుంటలో మరావిరాక్ అనే చిన్న అణువు కూర్చుంటే ఆ గడియ ఆకారమే కొంచెం మారిపోతుంది, వైరసు దానిని గుర్తుపట్టలేదు. 2007లో ఆ మందు వాడుకలోనికి వచ్చింది. కరోనాకు 2021లో వచ్చిన నిర్మాట్రెల్విర్ ఆ వైరసు సొంత మాంసకృత్తుల గొలుసును కత్తిరించే కత్తెరనే మొద్దుబారుస్తుంది. మందులు వేరు, కాలం వేరు. కాని పెద్ద యంత్రాన్ని చిన్న గులకరాయితో ఆపే ఉపాయం ఒక్కటే.

మరొక మాట కూడ చెప్పాలి. 1948 జూలైలో లెడర్లేవారు ఆరియోమైసిన్ అనే మందును లోకానికి తెలియజేశారు. పదవీ విరమణ చేసిన బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్రజ్ఞుని పిలిచి మట్టిలోని సూక్ష్మజీవులను వెతికిస్తే, మిస్సోరి రాష్ట్రపు మట్టినుండి దొరికిన బంగారు రంగు మందు అది. టెట్రాసైక్లిన్ కుటుంబానికి అదే మొదటి బిడ్డ. చిలుకలనుండి సోకే జ్వరం మొదలైన కొన్ని జబ్బులకు కారణం పెద్ద జాతి వైరసులని అప్పటివారు నమ్మేవారు. వాటిమీద ఈ మందు పనిచేసేసరికి వైరసులకు కూడ మందు దొరికిందని చాలామంది తలచారు. తరువాత తేలినదేమంటే, అవి వైరసులే కావు, కణంలో దాగి బ్రతికే బాక్టీరియాలు. అసలు వైరసులను ఆ మందు తాకదు. అందుచేత జలుబుకు, ఫ్లూ జ్వరానికి దుకాణంలో టెట్రాసైక్లిన్ జాతి బిళ్ళలు కొని మ్రింగడం వలన ప్రయోజనం లేదు. కాని తగిన జబ్బుకు అది ప్రాణదాత. 1994లో సూరత్‌లో ప్లేగు భయం పుట్టినప్పుడు అక్కడి మన తెలుగు నేతకార్మికుల కుటుంబాలతో సహా జనమంతా వెతుక్కొన్నది టెట్రాసైక్లిన్‌నే.

మన మాత్ర

ఇక మన గుమ్మం దగ్గరకు వద్దాము. రెండవ ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవులకు పోయిన అమెరికా సైనికులకు ఫైలేరియా సోకింది. దానితో ఈ జబ్బుకు మందు వెతకడం అవసరమయింది. లెడర్లేవారు ఆ జాతి పురుగులున్న ఎలుకలమీద ఎన్నో పదార్థాలను ఒకదాని తరువాత ఒకటి పరీక్షించి, 1947లో హెట్రజాన్ అనే మందును ప్రకటించారు. అదే డి.ఇ.సి. అణుభారం సుమారు 199 మాత్రమే. ఇది మెథోట్రెక్సేటువలె ఒక గుంటలో దూరి పనిచేసేది కాదు. రక్తంలో తిరిగే పిల్ల పురుగులను మన శరీరపు రక్షకబలమే పట్టి నాశనం చేసేటట్లు చేస్తుంది. మనదేశంలో 1955లో ఫైలేరియా నియంత్రణ పథకం ప్రారంభమయింది. 2004 నుండి జబ్బున్న జిల్లాలలో ఏటేటా అందరికీ మాత్రలు పంచే పెద్ద కార్యక్రమం నడిచింది.

జబ్బు లేనివారికి మందెందుకన్న ప్రశ్న మన ఇళ్ళలో తరచు వినబడుతుంది. కాలు వాచేసరికి పురుగు వచ్చి ఏళ్ళవుతుంది. ఆ ఏళ్ళన్నీ మనిషి ఆరోగ్యంగానే కనిపిస్తాడు. రాత్రివేళ పిల్ల పురుగులు రక్తంలో పైకి వస్తాయి. మురుగునీటిలో పెరిగే దోమ వాటిని పీల్చి మరొకరికి చేరుస్తుంది. అందుకే ఈ జబ్బుకు రక్తపరీక్ష రాత్రిపూట చేస్తారు. వాచిన కాలును మాత్ర పూర్వపు రూపానికి తేలేదు. వాపు రాకముందు, దోమకు పురుగు అందకముందు మ్రింగితేనే దాని ఫలం. మ్రింగిన తరువాత కొందరికి జ్వరం, తలనొప్పి, వాంతి వస్తాయి. దానిని చూచి భయపడి మానేవారున్నారు. చాలావరకు అది ఒంట్లో పురుగులు చచ్చిపోతున్నందుకు గుర్తు. రెండేళ్ళలోపు పిల్లలకు, గర్భిణులకు, తీవ్రమైన జబ్బుతో ఉన్నవారికి ఈ మాత్ర ఇవ్వరు. రెండు నుండి అయిదేళ్ళవారికి 100 మిల్లీగ్రాములు, ఆరు నుండి పద్నాలుగేళ్ళవారికి 200, అంతకు పైవారికి 300 చొప్పున, తోడుగా ఇతర పురుగుల మందుతో, ఏమైనా తిన్న తరువాత ఇస్తారు.

మన సరిహద్దులో మరొక చిక్కు ఉన్నది. మిరపకాయలు ఏరడానికి నదికి అటు ఇటు కుటుంబాలకు కుటుంబాలే పోతాయి. కార్యకర్త వచ్చేనాటికి ఇంటికి తాళం ఉంటుంది. ఇక్కడివారు అక్కడ తీసుకొంటారని, అక్కడివారు ఇక్కడ తీసుకొంటారని అనుకొంటారు. చివరకు ఆ ఇంటివారు ఎక్కడా మ్రింగరు. వలస వచ్చినవారు రెండు ఊళ్ళ లెక్కలోను జారిపోవడం మనకు అనుభవమే. అందుచేత తిరిగివచ్చిన వెంటనే ఆరోగ్య కేంద్రంలో అడగడం మన బాధ్యత.

చివరి రోజులు

ఆరియోమైసిన్ లోకానికి తెలిసిన కొద్దివారాలకే, 1948 ఆగస్టులో, సుబ్బారావుగారు పెర్ల్ రివర్‌లో గుండెపోటుతో నిద్రలోనే కన్నుమూశారు. వయస్సు యాభైమూడు. స్వతంత్ర భారతానికి అప్పటికి ఏడాది నిండబోతున్నది. 1946లో చట్టం మారి భారతీయులు అమెరికా పౌరులయ్యే వీలు కలిగినా ఆయన పౌరసత్వం తీసుకోలేదు. చిన్ననాడు ఖద్దరు తొడిగిన మనిషి చివరిదాకా భారతీయుడుగానే ఉండిపోయారు. పత్రికలవారికి దూరంగా మెలగారు. తన మందులకు తన పేరు పెట్టుకోలేదు. లెడర్లేలో పనిచేసిన శాస్త్రజ్ఞులలో ఒకరు 1953లో ఒక బూజుజాతికి సుబ్బారోమైసెస్ అని పేరు పెట్టారు. మన ప్రభుత్వం 1995లో, శతజయంతి సందర్భంగా, తపాలాబిళ్ళ వెలువరించింది. లోకం ఆయనకిచ్చిన గుర్తింపు ఇంతలోనే ఉన్నది.

ఆయన జీవితంలో ఒక లోటు ఉన్నదని, దానిని మరుగుపరచరాదని మా అభిప్రాయం. మూడేళ్ళని చెప్పి పోయిన భర్తకోసం రాజమహేంద్రవరం సీమలో ఒక ఇల్లాలు జీవితమంతా ఎదురుచూచింది. ఆమె తండ్రి ధనం ఆ చదువుకు పునాది. ఆమె ఒంటరితనం ఆ పరిశోధనకు చెల్లిన మూల్యం. లోకానికి ఇంత మేలు జరిగిందన్న మాట ఆమెకు ఎంత ఊరట ఇచ్చి ఉండునో మేము చెప్పలేము. పనికోసం దూరదేశాలకు పోయిన బిడ్డలు, వారికోసం ఎదురుచూచే తల్లులు, భార్యలు మన ఇంటింటా ఉన్నారు. సుబ్బారావుగారిని పొగడేటప్పుడు శేషగిరిగారిని కూడ ఒక క్షణం తలచుకోవడం మన ధర్మం.

సోదర సోదరీమణులారా, ఆయనకు శిలావిగ్రహం నిలిపే శక్తి మన చిన్న సంఘానికి లేదు. మనం చేయగలది ఒకటి ఉన్నది. ఈసారి కార్యకర్త గుమ్మంలోనికి వచ్చినప్పుడు మాత్రను గూటిలో పెట్టకుండ, చెంబుతో నీళ్ళు తెచ్చుకొని, ఆమె ఎదుటనే మ్రింగుదాము. మరాఠీ బడిలో చదివే మన పిల్లలచేత ప్రక్కింటి పిల్లలకు కూడ చెప్పిద్దాము, ఈ మందు పుట్టించిన బృందానికి పెద్ద మన గోదావరి ఒడ్డువాడని. వేపపువ్వు చేదును ఏడాదికొకసారి మ్రింగినట్లే ఈ మాత్రను కూడ మ్రింగుదాము. నూతన సంవత్సరంలో మన ఇళ్ళలో ఎవరి కాలూ బరువెక్కకుండు గాక, దూరాన ఉన్న మన బిడ్డలు చెప్పిన గడువుకు ఇల్లు చేరుదురు గాక అని కోరుకొంటూ, చదువరులందరికీ ఉగాది శుభాకాంక్షలు తెలుపుకొంటున్నాము.